నవజాత శిశువుల సెప్సిస్: పల్లె గడప నుంచి ప్రసూతి వార్డు దాకా

నెల నిండని బిడ్డ రక్తంలో బ్యాక్టీరియా చేరితే జ్వరమే రావాలని లేదు. పాలు తాగడం మానేస్తుంది, ఒళ్లు చల్లబడుతుంది, ఏడుపు సన్నగిల్లుతుంది, డొక్కలు ఎగరేస్తుంది. సెప్సిస్ అనే ఈ స్థితిలో ఒక్క పూట ఆలస్యమైనా ప్రాణం మీదికి వస్తుంది.

తెలంగాణకు ప్రాణహిత అవతలి ఒడ్డున ఉన్న మహారాష్ట్ర జిల్లా గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతుల ‘సెర్చ్’ సంస్థ 1993-95లో లెక్క తీసినప్పుడు, పుట్టిన ప్రతి వెయ్యి మందిలో దాదాపు 60 మంది నెల తిరగకముందే చనిపోతున్నారనీ, అందులో సగానికి సెప్సిసే కారణమనీ తేలింది. ఆస్పత్రి గడప తొక్కే బిడ్డలే అరుదు కనుక వైద్యమే ఇంటికి వెళ్లాలని వారు నిశ్చయించారు. 39 గ్రామాల్లో కొద్దిపాటి చదువున్న స్థానిక మహిళలు శిక్షణ పొంది, ఇంటింటికీ తిరిగి లక్షణాలు గుర్తించి, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ సూది వేసి, కోట్రైమోక్సజోల్ అనే మరో యాంటీబయాటిక్ సిరప్ పట్టారు. సెప్సిస్ సోకినవారిలో మరణాలు 16.6 శాతం నుంచి 2.8 శాతానికి తగ్గాయి. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే ఘట్టం ఇదే.

ఈ అనుభవం ప్రేరణగా 2011లో ఆశా కార్యకర్తల ఇంటి సందర్శనలు దేశమంతటా మొదలయ్యాయి. సూది వేసే పని మాత్రం వారికి అప్పగించలేదు. నిర్దిష్ట పరిస్థితుల్లో ఏఎన్‌ఎంలు జెంటామైసిన్ ఇవ్వడానికి 2014లో కేంద్రం అనుమతించింది.

ఈలోగా పురుళ్లు ఆస్పత్రులకు మారాయి. 2005-06లో 38.7 శాతంగా ఉన్న ఆస్పత్రి కాన్పులు 2019-21 నాటికి 88.6 శాతానికి చేరాయి. ఇది మేలైన మార్పే, కానీ జబ్బు కూడా చిరునామా మార్చుకుంది. ఢిల్లీలోని మూడు పెద్దాస్పత్రుల్లో 2011-14 మధ్య జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో ప్రధానంగా కనిపించిన బ్యాక్టీరియాలు అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ-కోలై. వీటిలో అసినెటోబాక్టర్ నమూనాల్లో 82 శాతం, క్లెబ్సియెల్లాలో 54 శాతం పలు రకాల యాంటీబయాటిక్‌లకు లొంగనివే. సెప్సిస్ కేసుల్లో మూడింట రెండు వంతులు పుట్టిన 72 గంటల్లోపే బయటపడటం కాన్పు గదుల శుభ్రతనే ప్రశ్నిస్తోంది. కాన్పు సమయంలో తల్లికి యాంటీబయాటిక్ ఇచ్చి గ్రూప్-బి స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియాను అదుపు చేసిన అమెరికా పద్ధతి ఇక్కడ అక్కరకు రాదు. ఈ వార్డుల్లో ఆ బ్యాక్టీరియా పాత్ర స్వల్పం.

2017లో వెలువడిన ఒడిశా గ్రామాల పరిశోధనలో 4,556 మంది శిశువుల్లో కొందరికి మేలు చేసే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియాను వారం రోజులు పట్టగా, సెప్సిస్, మరణం కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి దిగాయి. అయితే వారంతా రెండు కిలోలకు తగ్గని బరువున్న బిడ్డలు. సెప్సిస్ ముప్పు ఎక్కువగా ఉండే, వెంటిలేటర్ మీది నెలతక్కువ పసికందులు ఆ లెక్కలో లేరు.