శివారు గదికి వేడి ఎందుకు అందదు?

బ్రిటన్‌లో మామూలు రెండంతస్తుల ఇల్లు. వంటింటి గోడకు నీళ్ళు కాచే గ్యాస్ బాయిలర్, ఆ వేడినీళ్ళతో గదిని వెచ్చబరిచే రేడియేటర్ గదికొకటి, వాటన్నిటినీ కలుపుతూ నేల చెక్కల కింద పైపులు. జనవరి ఉదయం బాయిలర్ మొదలైన కాసేపటికే కింది హాల్లో స్వెట్టర్ తీసేయాలనిపిస్తుంది. పైన చివరి పడకగదిలో మాత్రం రెండు దుప్పట్లు కప్పుకున్నా వణుకే. అప్పుడు చాలామంది బాయిలర్ వేడిని పెంచుతారు. హాలు ఇంకా ఉడికిపోతుంది, చివరి గది దాదాపు అలాగే ఉంటుంది, గ్యాస్ బిల్లు పెరుగుతుంది.

చదువుకో ఉద్యోగానికో వెళ్ళి అక్కడ అద్దె ఇళ్ళలో ఉంటున్న తెలుగువాళ్ళకు ఈ బాధ బాగా తెలుసు. మన ఊళ్ళలో ఇల్లు వేడి చేసుకునే అవసరం రాదు కాబట్టి ఈ పైపుల సంగతి మనకెవరూ నేర్పరు. నిజానికి లోపం చాలాసార్లు బాయిలర్‌లో ఉండదు. ఉన్న వేడినీళ్ళు గదులకు పంపకమయ్యే తీరులో ఉంటుంది. దాన్ని సరిచేయడానికి బాయిలర్ మూత తెరవనక్కర్లేదు (అది గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే గ్యాస్ పనివాళ్ళ అధికారిక జాబితాలో, పేరున్నవాళ్ళే చేయాల్సిన పని). అద్దె ఇల్లయితే యజమానికి ఒక మాట చెప్పి మొదలుపెట్టవచ్చు.

ముందు రేడియేటర్‌ని జాగ్రత్తగా తడిమి చూడండి. పైభాగం చల్లగా, కింద వేడిగా ఉంటే లోపల గాలి చేరినట్టు. కింద మధ్యలో చల్లగా ఉంటే నల్లటి బురద పేరుకున్నట్టు. ఒక గదిలో రేడియేటర్ మొత్తం గోరువెచ్చగానే ఉండి, ఇంకో గదిలోది కాలిపోతుంటే, నీటి పంపకం కుదరలేదన్నమాట. ఈ మూడింటికీ మందులు వేరు.

గాలి సంగతి. కొళాయి నీళ్ళలో గాలి కరిగే ఉంటుంది. నీరు వేడెక్కేకొద్దీ, దానిమీద ఒత్తిడి తగ్గేకొద్దీ ఆ గాలి బయటికి వస్తుంది. ఒత్తిడికీ వాయువు కరగడానికీ ఉన్న లెక్కను 1803లో ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త విలియం హెన్రీ తేల్చాడు. ఎత్తు పది మీటర్లు పెరిగితే నీటి ఒత్తిడి సుమారు ఒక బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది. అందుకే పై అంతస్తు రేడియేటర్లలో గాలి ఎక్కువగా చేరుతుంది. నీరు చేరాల్సిన చోట గాలి కూర్చుంటే అక్కడి రేకు వేడెక్కదు.

అయితే లోపల చేరేది ఎప్పుడూ గాలే కాదు. రేడియేటర్లు ఉక్కువి. ఆక్సిజన్ అయిపోయిన నీళ్ళలో కూడా ఉక్కు మెల్లగా తుప్పు పడుతుంది. అప్పుడు పుట్టేవి రెండు: మాగ్నటైట్ అనే నల్లటి ఐరన్ ఆక్సైడ్, హైడ్రోజన్ వాయువు. మొదటిది అడుగున బురదవుతుంది, రెండోది పైన బుడగవుతుంది. ఆ వాయువు మండుతుంది కాబట్టి గాలి తీసేటప్పుడు దగ్గర్లో అగ్గిపుల్ల, సిగరెట్ ఉండకూడదు. వారం వారం గాలి తీయాల్సి వస్తోందంటే అది మామూలు సంగతి కాదు. ఎక్కడో నీరు కారుతూ ఉండాలి, లేదా లోపల తుప్పు సాగుతూ ఉండాలి. ఊరికే తీస్తూ పోతే ఇంకో చిక్కు కూడా ఉంది: తీసిన ప్రతిసారీ ఒత్తిడి తగ్గుతుంది, కొత్త నీళ్ళు నింపుతాం, వాటితోపాటు కొత్త ఆక్సిజన్ వస్తుంది, తుప్పు మళ్ళీ ఊపందుకుంటుంది. తుప్పును ఆపే ఇన్హిబిటర్ ద్రవం కూడా కొత్త నీళ్ళతో పలచబడుతుంది. ఇది తెలియకే చాలా ఇళ్ళలో రేడియేటర్లు అకాలంగా చిల్లులు పడతాయని నా నమ్మకం.

గాలి తీయడం తేలికే. హీటింగ్ ఆపి, నీళ్ళు చల్లారనివ్వాలి. కింది అంతస్తుతో మొదలుపెట్టి పైకి వెళ్ళాలి. రేడియేటర్ పై మూలలో చిన్న చతురస్రపు మొన ఉంటుంది. దాని కింద గుడ్డ పట్టుకుని, బ్లీడ్ కీతో (ఆ మొనకు సరిపోయే చిన్న తాళంచెవి) అపసవ్యంగా పావు చుట్టు తిప్పితే బుస్సుమని గాలి వస్తుంది. నీటిచుక్క కనిపించగానే బిగించేయాలి. మొనను పూర్తిగా ఊడదీయకూడదు. చివర్లో బాయిలర్ మీటరు చూసి, ఒత్తిడి 1 బార్ కంటే తగ్గితే బాయిలర్ పుస్తకంలో చెప్పినట్టు నీళ్ళు నింపాలి. చల్లగా ఉన్నప్పుడు మామూలుగా 1 నుంచి 1.5 బార్ ఉండాలి.

ఇక అసలైన సంగతి, పంపకం. గోదావరి డెల్టాలో పెరిగినవాళ్ళకు దీన్ని వివరించనక్కర్లేదు. కాలువ మొదట్లో తూములన్నీ బార్లా తెరిచి ఉంటే శివారు ఆయకట్టుకు నీరందదు. పైనుంచి ఎంత నీరు వదిలినా మొదటి పొలాలే తాగేస్తాయి. ఇంట్లో పంపు తోసే నీరు కూడా అడ్డు తక్కువున్న దారినే పట్టుకుంటుంది. బాయిలర్ దగ్గరి రేడియేటర్‌కు పైపు పొట్టి, అడ్డు తక్కువ. అందుకే నీటిలో ఎక్కువ వాటా అందులోంచే తిరిగి వచ్చేస్తుంది. అలా ఇంకా వేడిగానే తిరిగొచ్చిన నీటిని చూసి బాయిలర్ తన పని అయిపోయిందనుకుని మంట ఆపేస్తుంది. చివరి గది ఇంకా చల్లగానే ఉంటుంది.

దగ్గరి రేడియేటర్ నీటిని తగ్గిస్తే ఆ గది చల్లబడదా అన్న భయం సహజం. ఇక్కడే భౌతికశాస్త్రం మనకు పెద్ద మేలు చేస్తుంది. ఐరోపాలో రేడియేటర్ల సామర్థ్యాన్ని ఈఎన్ 442 ప్రమాణం ప్రకారం కొలుస్తారు: నీరు 75 డిగ్రీల సెల్సియస్ దగ్గర లోపలికి వెళ్ళి 65 దగ్గర బయటికి రావాలి, గది 20 దగ్గర ఉండాలి. అదే రేడియేటర్‌కు నీటిని సగానికి తగ్గించామనుకోండి. లెక్క కడితే బయటికొచ్చే నీరు 57 డిగ్రీల దాకా చల్లబడుతుంది, గదికి అందే వేడి మాత్రం పదో వంతే తగ్గుతుంది. నీటిని రెట్టింపు చేస్తే వేడి ఆరు శాతం పెరుగుతుంది, అంతే. కారణం ఏమిటంటే, రేడియేటర్ ఇచ్చే వేడి దానిలోని నీటి సగటు ఉష్ణోగ్రతకూ గదికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. ప్రవాహం సగమైనా ఆ సగటు కొద్దిగానే దిగుతుంది. అదే పదో వంతు నీరే అందుతున్న చివరి రేడియేటర్ సగం వేడి కూడా ఇవ్వలేదు. అంటే నీళ్ళు ఎక్కువైన గది సగం వదులుకున్నా నష్టపోయేది కొంచెమే, అందని గదికి కలిగే లాభం చాలా పెద్దది. ఇంటి పనుల్లో ఇంత చవగ్గా దొరికే లాభం ఇంకోటి నాకు తెలియదు.

దీనికి వాడేది లాక్‌షీల్డ్ వాల్వు, అంటే రేడియేటర్‌లోంచి ఎంత నీరు పోవాలో ఒకసారి సరిచేసి వదిలేసే వాల్వు. రేడియేటర్‌కు ఒక పక్క, గది వేడెక్కేకొద్దీ తనంతట తనే మూసుకునే, అంకెలున్న థర్మోస్టాటిక్ వాల్వు ఉంటే, రెండో పక్క ప్లాస్టిక్ టోపీ కింద ఇది దాక్కుని ఉంటుంది. అంకెల వాల్వు ఉంది కదా, ఇంకా దీనితో ఏం పని అనకండి. తెల్లవారుజామున గదులన్నీ చల్లగా ఉన్నప్పుడు అంకెల వాల్వులన్నీ పూర్తిగా తెరుచుకునే ఉంటాయి. సరిగ్గా ఆ గంటలోనే పంపకం దెబ్బతినేది.

గాలి తీశాకే ఈ పని మొదలుపెట్టాలి. ఇల్లు చల్లగా ఉన్నప్పుడు వాల్వులన్నీ పూర్తిగా తెరిచి హీటింగ్ పెట్టి, ఏ రేడియేటర్ ముందు వేడెక్కుతుందో వరసగా రాసుకోవాలి. మళ్ళీ చల్లారాక, అన్నిటికంటే ముందు వేడెక్కినదాని లాక్‌షీల్డ్‌ను పూర్తిగా మూసి పావు చుట్టు తెరవాలి. హీటింగ్ పెట్టి, లోపలికి వెళ్ళే పైపు, బయటికొచ్చే పైపు ఉష్ణోగ్రతలు కొలవాలి. పాత పద్ధతిలో వాటి మధ్య తేడా 11 డిగ్రీలు. ఇప్పటి కండెన్సింగ్ బాయిలర్లకు (పొగలోని ఆవిరి వేడిని కూడా పట్టుకునేవి) 20 డిగ్రీల దాకా మంచిది. తేడా తక్కువైతే వాల్వు కొంచెం మూయాలి, ఎక్కువైతే తెరవాలి. తర్వాత వరసలో రెండోదానికి వెళ్ళాలి. ఒకదాన్ని కదిపితే మిగతావన్నీ కొంచెం కదులుతాయి కాబట్టి ప్రతి మార్పు తర్వాత కాసేపు ఆగాలి, ఇల్లంతా మరోసారి చుట్టిరావాలి. చివరి గదిది సాధారణంగా పూర్తిగా తెరిచే ఉంటుంది. లేజరు చుక్క చూపే థర్మామీటర్ మెరిసే రాగి పైపు మీద తప్పు అంకె చూపుతుంది. పైపుకు నల్ల టేపు చుట్టి, దానిమీద కొలవండి.

20 డిగ్రీల తేడా వల్ల బాయిలర్‌కూ లాభముంది. మండిన గ్యాస్ పొగలో నీటి ఆవిరి ఉంటుంది. తిరిగొచ్చే నీరు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే ఆ ఆవిరి బాయిలర్‌లో నీరుగా మారి, తనలోని గుప్తోష్ణాన్ని మనకు ఇస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 నుంచి కొత్తగా బిగించే గ్యాస్ బాయిలర్లు దాదాపుగా ఈ కండెన్సింగ్ రకమే అయి ఉండాలి. పంపకం కుదరని ఇంట్లో నీరు వేడిగా తిరిగొస్తుంది, ఆ గుప్తోష్ణం ఆవిరితోపాటే పొగగొట్టంలోంచి పోతుంది.

గ్యాస్ బదులు కరెంటుతో బయటి వేడిని ఇంట్లోకి తెచ్చే హీట్ పంపులకు మారుతున్న ఇళ్ళలో ఈ పని ఇంకా కీలకం. అక్కడ తేడా 5 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఒక కిలోవాట్ వేడి మోయడానికి 20 డిగ్రీల తేడాతో నిమిషానికి ముప్పావు లీటరు కంటే తక్కువ నీరు సరిపోతే, 5 డిగ్రీల తేడాతో దాదాపు 3 లీటర్లు కావాలి. ఇన్ని నీళ్ళు అదే సన్నపైపుల్లో నడవాలంటే పంపకంలో చిన్న పొరపాటు కూడా చివరి గదిలో చలిగా తేలుతుంది. హీట్ పంపు బిగించినవాళ్ళు వెళ్ళేముందు, ఏ రేడియేటర్ లాక్‌షీల్డ్‌ను ఎన్ని చుట్లు తెరిచారో కాగితం మీద రాయించుకుని దగ్గర పెట్టుకోండి.