కులంబర్ కేసు పెడితే కూలీ పక్కన ఎవరు? ఫిజీలో సామాన్యుడి న్యాయం, ఓ పాత కథ

ఫిజీలో పోలీసులు ఎవరినైనా అదుపులోకి తీసుకుంటే, మొదటి గంటలోనే ఉచితంగా లాయర్ సలహా అందాలన్న పద్ధతి ఒకటి ఉంది. అక్కడి లీగల్ ఎయిడ్ కమిషన్ 2016లో మొదలుపెట్టిన ఈ ఏర్పాటును 'ఫస్ట్ అవర్' అంటారు. ఆ ఒక్క గంట అంత పెద్ద విషయం ఎందుకైందో తెలియాలంటే చెరకు తోటల దాకా వెనక్కి వెళ్లాలి. ఆ తోటల్లో మనవాళ్లూ ఉన్నారు.

1879 నుంచి 1916 దాకా 60 వేల మందికి పైగా కూలీలు భారత్ నుంచి ఫిజీకి ఓడలెక్కారు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచీ ఓడలు కదిలాయి, తెలుగువాళ్లు, తమిళులు వెళ్లారు. ఐదేళ్ల అగ్రిమెంట్. ఆ మాట నోరు తిరగక 'గిర్మిట్' అన్నారు, అదే పేరుగా నిలిచిపోయింది.

పొద్దున్నే తెల్ల ఓవర్సియర్ వచ్చి ఇవాళ ఇన్ని సాళ్లు తవ్వాలని కొలిచి చూపించేవాడు. ఓవర్సియర్‌ను కూలీలు 'కులంబర్' అనేవారు. ఆ పనికి మగవాళ్లకు ఒక షిల్లింగు, ఆడవాళ్లకు తొమ్మిది పెన్నీలు. చీకటి పడేసరికి పని మిగిలితే కూలి పోయినట్టే. అంతటితో అయితే ఎలాగో సర్దుకునేవారేమో. మామూలుగా ఒప్పందం తప్పితే అది డబ్బుల తగాదా. ఇక్కడ మాత్రం నేరం. పని పూర్తి చేయకపోయినా, రాకపోయినా మెజిస్ట్రేట్ ముందు నిలబడాలి. జరిమానా, లేదంటే జైలు. జైల్లో గడిపిన రోజులు గిర్మిట్ గడువుకు మళ్లీ కలిసేవి.

కాగితం మీద కూలీకీ ఫిర్యాదు హక్కు ఉంది. కానీ సాక్షులు ఎవరు? అదే కులంబర్ కింద పనిచేసే తోటి కూలీలు. సాయంత్రానికి మళ్లీ తోటలోని ఆ లైన్లకే, అంటే కూలీల ఇళ్ల వరసలకే, చేరాల్సినవాళ్లు ఏం చెబుతారు? యజమానులు పెట్టిన కేసుల్లో ఎక్కువ శాతం శిక్షతోనే ముగిసేవి. తోటల్లో చలామణి అయ్యేది హిందీ. ఓడ దిగి ఏడాదైనా కాని ఓ తెలుగు కూలీ, ఇంగ్లీషు కోర్టులో తన గోడు ఎలా చెప్పుకుని ఉంటాడో ఊహించుకోవాల్సిందే. ఐతౌకైలకు, అంటే అక్కడి మూలవాసులకు, వేరే నిబంధనలు, వేరే కోర్టులు.

లాయర్లంతా తెల్లవాళ్లే. మనవాడు ఒకడు కావాలని ఫిజీ భారతీయులు గాంధీకి మొర పెట్టుకున్నారు. 1912లో మణిలాల్ డాక్టర్ వచ్చాడు. పేరు చూసి వైద్యుడనుకోకండి, ఆయన బారిస్టర్. కూలీల తరఫున మాట్లాడే భారతీయ లాయర్ కోర్టులో ఉండటం అదే మొదలు. 1920 జనవరి 1న మిగిలిన గిర్మిట్లు రద్దయ్యాయి. అదే ఏడాది రాజధాని సువాలో సమ్మె జరిగింది, ప్రభుత్వం మణిలాల్‌ను ఉండనివ్వలేదు.

ఎనభై ఏళ్ల తర్వాత మరో మనిషి కోర్టుకెక్కాడు. 2000 మే 19న కుట్రదారులు భారత సంతతి ప్రధాని మహేంద్ర చౌదరి ప్రభుత్వాన్ని పార్లమెంటులోనే బందీగా పట్టుకున్నారు. ఊళ్లలో దాడులు జరిగాయి. మువానివేని ప్రాంతంలో అలా ఇల్లు వదిలి పారిపోయిన ఓ రైతు, ఆ కుట్ర తర్వాత రద్దు చేశామన్న 1997 రాజ్యాంగం ఇంకా బతికే ఉందని చెప్పమంటూ లౌటోకా హైకోర్టుకు వెళ్లాడు. నవంబర్ 15న జడ్జి ఆంథోనీ గేట్స్ అవునన్నారు. 2001 మార్చి 1న అప్పీల్ కోర్టూ అదే చెప్పింది. నాకు ఈ కథలో బాగా నచ్చే చోటు ఇదే. అయితే చౌదరి ప్రభుత్వం తిరిగి రాలేదు, మళ్లీ ఎన్నికలు పెట్టారు.

2009లో ఇంకా ఘోరం. ఏప్రిల్ 9న అప్పీల్ కోర్టు 2006లో సైన్యం చేసిన తిరుగుబాటు తర్వాతి ప్రభుత్వం చెల్లదంది. మర్నాడే రాజ్యాంగాన్ని రద్దు చేసి జడ్జీలందరినీ ఇంటికి పంపేశారు.

ఇన్ని ఒడిదుడుకుల మధ్యే 1996లో లీగల్ ఎయిడ్ చట్టం వచ్చింది, 2013 రాజ్యాంగంలోనూ ఆ కమిషన్‌కు చోటు దక్కింది. ఇక మిగిలింది దూరం. ఫిజీలో 300కు పైగా దీవులున్నాయి. హైకోర్టు కూర్చునేది సువా, లౌటోకా, లంబాసాల్లో. సువాకు 500 కిలోమీటర్లకు పైగా ఉత్తరాన ఉన్న రొటుమా దీవిలో కేసు విచారణ జరగాలంటే, మెజిస్ట్రేట్ అక్కడికి ప్రయాణం కట్టాలి.