మార్చిలోనే వడగాలి: నెల్లూరు, ప్రకాశం తీరంలో గాలి లెక్క

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోవడం మనకు తెలిసినదే. ఆ వెనకే రోహిణి కార్తె వచ్చి పడ్డట్టు ఎండ కాస్తే మాత్రం సూర్యుడిని తిట్టుకుంటాం. నిజానికి మార్చి మూడో వారంలో నెల్లూరులో మధ్యాహ్నపు సూర్యుడు ఏటా సుమారు 75 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. నడినెత్తికి చేరేది ఏప్రిల్ నెలాఖరుకు. ఒక ఏడు హాయిగా గడిచిన మార్చి, మరో ఏడు నిప్పులు చెరగడానికి ప్రధాన కారణం గాలి.

మామూలు రోజుల్లో పొద్దెక్కేకొద్దీ నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. మధ్యాహ్నానికల్లా మైపాడు, కొత్తపట్నం మీదుగా సముద్రపు గాలి లోపలికి వస్తుంది, ఉష్ణోగ్రతకు కళ్లెం పడుతుంది. వేడి ముదిరిన రోజుల్లో ఆకాశంలో పైఎత్తున అధిక పీడనం తిష్ట వేస్తుంది. గాలి కిందికి దిగుతుంది, మబ్బు కట్టదు. రాయలసీమ మీదుగా వచ్చే పడమటి గాలి వెలిగొండలు దిగి ఉదయగిరి వైపు, నల్లమల దిగి మార్కాపురం వైపు వీస్తుంది. పొడిగాలి కిలోమీటరు దిగితే దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. సైకిలు పంపు కొడుతుంటే గొట్టం వేడెక్కేదీ ఇందుకే: ఒత్తిడికి గురైన గాలి వేడెక్కుతుంది. ఈ పడమటి గాలి బలంగా ఉంటే సముద్రపు గాలి తీరం దాటి రాలేదు. అది ఆలస్యమైన ప్రతి గంటా ఒంగోలు, కావలి, నెల్లూరులలో ఎండ ముదురుతూనే ఉంటుంది. చివరకు గాలి తిరిగాక ఉష్ణోగ్రత తగ్గినా తేమ పెరుగుతుంది. 36 డిగ్రీల వేడికి 50 శాతం తేమ తోడైతే ఒంటికి దాదాపు 43 డిగ్రీల్లా ఉంటుంది.

అందుకే జిల్లా మొత్తానికి ఒకే అంకె చెప్పే సూచన నా దృష్టిలో సగం సూచనే. భారత వాతావరణ శాఖ కూడా కొలత వేరుగానే పెట్టింది: సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువై, మైదానంలో 40, తీరంలో 37 డిగ్రీలు చేరితే వడగాలి. ఒకే వాతావరణ ఉపవిభాగంలో (కోస్తా, రాయలసీమ లాంటి ప్రాంతంలో) కనీసం రెండు కేంద్రాల్లో, వరుసగా రెండు రోజులు అలా ఉంటేనే ప్రకటిస్తారు. ప్రకటన రాలేదని మధ్యాహ్నం పొలానికి వెళ్లడం క్షేమం కాదు.

వరికి ఇదే అసలు గండం. వరి పూత సాధారణంగా ఉదయం 9 నుంచి మధ్యాహ్నం లోపు విచ్చుకుంటుంది. ఆ సమయంలో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని తాలు గింజలు పెరుగుతాయి. సముద్రపు గాలి మధ్యాహ్నం దాటాక వచ్చినా ఆ పూటకు విచ్చుకున్న పూతకు మేలు జరగదు. ఆలస్యంగా నాటిన చేలలో ఆ రోజుల్లో నీరు నిలపడమే రైతు చేతిలో ఉన్న రక్షణ. రొయ్యల చెరువుల్లో మరో ఇబ్బంది. రాత్రి నీరు చల్లబడకపోతే ప్రాణవాయువు తగ్గి, తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలతాయి.

దేశంలో 1901 నుంచి నమోదైన లెక్కల ప్రకారం 2022 మార్చి, 2023 ఫిబ్రవరి సగటు గరిష్ఠ ఉష్ణోగ్రతల్లో అప్పటికి రికార్డులు. ఇలాంటి వసంతాలు మళ్లీ వస్తాయని ఎదురుచూడక తప్పదు. వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే నాలుగు వారాల ధోరణి ఇస్తుంది, రోజువారీ సూచన విడిగా ఉంటుంది. వాటిలో గరిష్ఠ ఉష్ణోగ్రతతో పాటు గాలి దిశ, రాత్రి కనిష్ఠం కూడా చూడండి. పడమటి గాలి ఉదయం నుంచే బలంగా ఉంటుందని, రాత్రి వేడి తగ్గదని ఉంటే చేలకు నీరు ముందురోజే పెట్టండి, చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు అర్ధరాత్రి నుంచే తిప్పండి.