పరలోకానికి దారి చూపేవారు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున అపరకర్మలు, అంటే పోయినవారికి చేసే కర్మలు చేయించడం, ఆ కర్మలు జరిగే రోజుల్లో కర్తల ఇళ్లకు వెళ్లి గరుడ పురాణం చదివి అర్థం చెప్పడం నా వృత్తి. కర్మ ఎలా చేయాలని నన్ను అడిగేవారు తక్కువ. పోయినవారిని ఎవరు తీసుకువెళ్లారు, దారిలో వారిని ఏం చేస్తారు అని అడిగేవారే ఎక్కువ. అలా అడిగేవారి గొంతులో దుఃఖం కంటే భయమే ముందు వినిపిస్తుంది. ఆ భయంలో చాలా భాగం శాస్త్రంలోంచి వచ్చింది కాదు. సినిమాల్లోంచి, ఫోన్లలో తిరిగే వీడియోల్లోంచి వచ్చింది. కొంత మా వృత్తిలోని వారి నోటి నుంచి కూడా వచ్చింది. అప్పటికే కుంగిపోయి ఉన్న కుటుంబాన్ని లేనిపోని మాటలతో ఇంకా కుంగదీయడం నేను సహించలేను. అందుకే తరచుగా వినిపించే కొన్ని మాటలను తీసుకుని, గ్రంథాల్లో నిజంగా ఏముందో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: యముడంటే దున్నపోతు మీద వచ్చి పాశం విసిరి, వికటంగా నవ్వుతూ ప్రాణాలు లాక్కుపోయే క్రూరుడు.

వాస్తవం: ఈ రూపం మనకు నాటకాల రంగస్థలం మీదుగా వెండితెరకు వచ్చి స్థిరపడింది. 1977 నాటి ‘యమగోల’లోనూ, 1994 నాటి ‘యమలీల’లోనూ కైకాల సత్యనారాయణ గారు ధరించిన యముడి వేషం తెలుగువారి మనసులో ఎంతగా నిలిచిపోయిందంటే, ఈనాడు యముడి పేరు చెబితే చాలామందికి ఆ కిరీటం, ఆ గద, ఆ గర్జనే గుర్తుకు వస్తాయి. అది ఆ నటుడి ప్రతిభ. దానిలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. కానీ వేషాన్ని శాస్త్రమని అనుకోకూడదు.

ఋగ్వేదం పదో మండలంలోని పద్నాలుగో సూక్తం యముడిని వేరే విధంగా పరిచయం చేస్తుంది. మన పితరులు వెళ్లిన దారిని మొట్టమొదట కనుగొన్నవాడు ఆయన. మర్త్యుల్లో తొలిసారి ఆ దారిన నడిచి, వెనక వచ్చేవారికి చోటు చూపినవాడు. ఆయన వివస్వంతుడి కుమారుడు, అంటే సూర్యుడి కొడుకు. అరసవల్లిలో మనం దర్శించుకుని ఆరోగ్యం ఇమ్మని వేడుకునే స్వామి సాక్షాత్తూ యముడి తండ్రి అన్న సంగతి, ఏటేటా రథసప్తమికి బారులు తీరే భక్తుల్లో ఎంతమందికి స్ఫురిస్తుందో! కఠోపనిషత్తులో ఇదే యముడు, తన ఇంటి వాకిట మూడు రాత్రులు అన్నం లేకుండా వేచిన నచికేతుడనే బాలుడికి నమస్కరించి, జరిగిన అపచారానికి బదులుగా మూడు వరాలు ఇచ్చి, చివరికి ఆత్మవిద్య బోధించిన గురువు.

మహాభారతం అరణ్యపర్వంలోని సావిత్రి కథ చూడండి. సత్యవంతుడి కోసం వచ్చినవాడు సూర్యసమానమైన తేజస్సుతో, శ్యామవర్ణంతో, ఎర్రని కన్నులతో, చేత పాశంతో ఉన్నాడని అక్కడ ఉంది. చూస్తే భయం పుట్టేలా ఉన్నాడనీ ఉంది. దాన్ని నేను దాచను. అయితే సావిత్రి అడిగిన వెంటనే తానెవరో, ఎందుకు వచ్చాడో ఆయన మర్యాదగా చెప్పాడు. సత్యవంతుడు ధర్మాత్ముడు, దూతల చేత తీసుకుపోదగినవాడు కాడు కనుక స్వయంగా వచ్చానన్నాడు. బొటనవేలంత పురుషుణ్ణి, అంటే జీవుణ్ణి, దేహం నుంచి వెలికితీసి దక్షిణ దిక్కుగా నడిచాడు. ఆమె వెంట నడుస్తుంటే కసురుకోలేదు, ఆమె మాటలకు సంతోషించి ఒక్కొక్క వరమే ఇస్తూ వెళ్లాడు.

అపోహ: ఎవరు పోయినా వచ్చేది యమదూతలే.

వాస్తవం: మన గ్రంథాల్లో దారి చూపేవారు చాలామంది ఉన్నారు. దహన సంస్కారంలో మేము చదివే మంత్రాల్లో పూషుడిని ప్రార్థించే మంత్రం ఒకటి ఉంది. పూషుడు ద్వాదశాదిత్యుల్లో ఒకడు, దారులన్నీ తెలిసినవాడు, తన మందలో ఒక్క పశువును కూడా పోగొట్టుకోని కాపరి. ‘ఆయన నిన్ను ఇక్కడి నుంచి తీసుకుపోయి పితరులకు అప్పగించుగాక’ అని ఆ మంత్రానికి భావం. ఇంటివారికి దీని అర్థం విడమరచి చెబితే, అప్పటిదాకా బిగుసుకుపోయి నిలబడ్డ మనిషి భుజాలు కిందికి దిగడం నేను కళ్లారా చూస్తుంటాను.

పిలవడానికి వచ్చిన దూతను తిప్పి పంపినవాడు కూడా ఉన్నాడు. అరణ్యపర్వంలోనే ముద్గలుడనే మహర్షి కథ ఉంది. చేలలో రాలిన గింజలు ఏరుకుని బతికే ఆయన కోసం హంసలూ బెగ్గురు పక్షులూ పూన్చిన విమానంతో దేవదూత వచ్చాడు. ముద్గలుడు ఎక్కకుండా, స్వర్గంలో గుణాలేమిటి, దోషాలేమిటి చెప్పమన్నాడు. పుణ్యం తరిగితే మళ్లీ కింద పడవలసి వస్తుందని దూత నిజాయితీగా చెప్పగానే, అటువంటి చోటు నాకు వద్దని సాగనంపాడు.

ఇక దారి తప్పి బతికిన అజామిళుడి సంగతి. చివరి క్షణంలో కొడుకును ‘నారాయణా’ అని పిలిచినంత మాత్రాన విష్ణుదూతలు ఆయనను ఆ క్షణమే వైకుంఠానికి తీసుకుపోయారని దాదాపు అందరూ అనుకుంటారు. భాగవతం ఆరో స్కంధంలో ఉన్నది అది కాదు. తెలుగులో ఆ స్కంధం పోతన గారిది కాదు, ఏర్చూరి సింగన రాసినది. మూల కథలో పాశాలు పట్టుకుని ముగ్గురు యమదూతలు వచ్చారు, విష్ణుదూతలు అడ్డుకున్నారు, ధర్మం గురించి ఇరువురికీ పెద్ద వాదం నడిచింది. యమదూతలు వెనుదిరిగారు. ఆ తర్వాత అజామిళుడు లేచి కూర్చున్నాడు! ఎనభై ఎనిమిదేళ్లు ఎలా గడిపానా అని పశ్చాత్తాపపడి, ఇల్లు విడిచి గంగాద్వారానికి వెళ్లి, యోగసాధనలో దేహం విడిచినప్పుడే అదే దూతలు మళ్లీ వచ్చి విమానంలో తీసుకువెళ్లారు. అంటే మొదటిసారి వారు తెచ్చింది మోక్షం కాదు, వ్యవధి. ప్రవచనాల్లో ఈ భాగం వదిలేయడం వల్ల కథలోని అసలు బలం పోతోందని నా అభిప్రాయం.

అపోహ: వైతరణీ గోదానం చేయకపోతే జీవుడు నది దాటలేక అందులోనే కొట్టుకుంటాడు. అప్పు చేసైనా ఆవును ఇవ్వాలి.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇదే. మనం సాధారణంగా చదివించే గరుడ పురాణ సారోద్ధారం పదహారు అధ్యాయాల గ్రంథం, నౌనిధిరాముడు కూర్చినది. అందులో యమమార్గం ఎనభై ఆరు వేల యోజనాలు. పదమూడో రోజున బయలుదేరిన జీవుడు రోజుకు 247 యోజనాల చొప్పున, పదహారు పట్టణాల మీదుగా, దాదాపు ఏడాదికి చేరుకుంటాడు. మాసికాలు, సంవత్సరీకం ఈ ప్రయాణానికి అనుగుణంగానే అమరాయి. దారిలో వైతరణి వస్తుంది. ఆవు తోక పట్టుకుని ఈదుతున్న బొమ్మ మనకు అలవాటు. కానీ ఆ గ్రంథంలో ఒడ్డున పడవలతో ఎదురుచూసే కైవర్తులు, అంటే చేపలు పట్టేవారు కూడా ఉన్నారు. పుణ్యం ఉంటే ఎక్కు, దాటిస్తాం అంటారు. కళింగపట్నం నుంచి భావనపాడు దాకా పడవలే బతుకైన మన తీరంలో ఈ ఘట్టం చదివినప్పుడు వినేవారు ఒక్కసారి నిటారుగా కూర్చుంటారు.

గోదాన మంత్రం కూడా బెదిరింపు మంత్రం కాదు. ‘ఓ ధేనువా, యమద్వారం దగ్గర మహాపథంలో నా కోసం వేచి ఉండు, దాటించు’ అని ప్రార్థన. ఇక ఆవు ఇవ్వలేనివారి విషయంలో ధర్మశాస్త్రం ఏనాడో దారి చూపింది. ఆవు లేనప్పుడు నిష్కం, అంటే ఒక బంగారు నాణెం, అదీ కుదరకపోతే అందులో సగం, అదీ కాకపోతే పావు అని ప్రత్యామ్నాయం చెప్పింది. విష్ణు పురాణం మూడో అంశలో పితరులే స్వయంగా చెప్పినట్టుగా ఇంకా ముందుకు వెళ్లింది: ఏమీ లేనివాడు ఏడెనిమిది నువ్వు గింజలతో నీళ్లు వదలవచ్చు, ఆవుకు ఒక పూట గడ్డి వేయవచ్చు, అదీ లేకపోతే అడవిలోకి వెళ్లి రెండు చేతులూ పైకెత్తి ‘నా దగ్గర ధనం లేదు, మరేమీ లేదు, నా పితరులకు నమస్కరిస్తున్నాను, నా భక్తితో తృప్తి పొందండి’ అంటే చాలు. ఇంత స్పష్టంగా ఉన్న మాటను దాచిపెట్టి, కూలి చేసుకునే ఇంటి చేత అప్పు చేయించడం అధర్మం. నా వరకు నేను మొదటి రోజే సంభారాల చీటీ రాసిచ్చేటప్పుడు, ఏది తప్పనిసరో, ఏది శక్తి ఉంటేనో విడివిడిగా రాసి ఇస్తాను.

మరో మాట. ఒడిశాలోని వైతరణి నదే యమలోకపు వైతరణి అని కొందరు నమ్ముతారు. ఆ నది నిజంగా ఉంది, జాజ్‌పూర్ దగ్గర దాని ఒడ్డున పితృకార్యాలు చేస్తారు. పాండవులు కళింగ దేశానికి వచ్చి, ధర్ముడు యజ్ఞం చేసిన ఆ వైతరణిలో దిగి పితరులకు తర్పణాలు వదిలారని అరణ్యపర్వం చెబుతుంది. అది తీర్థం, గరుడ పురాణంలోనిది చీమూ నెత్తురూ పారే వేరొక నది. పేరు ఒకటే, రెండూ ఒకటి కావు. కళింగవాసులమైన మనకు మొదటిది దగ్గరి తీర్థం కావడం సంతోషించవలసిన సంగతి.

అపోహ: గరుడ పురాణం ఇంట్లో ఉండకూడదు, మామూలు రోజుల్లో చదవకూడదు.

వాస్తవం: అష్టాదశ పురాణాల్లో అదీ ఒకటి. చావు తర్వాతి సంగతులు చెప్పే ప్రేతఖండం దానిలో ఒక భాగం మాత్రమే. పెద్దదైన ఆచారఖండంలో రత్నపరీక్ష, వైద్యం, వ్యాకరణం, నీతి ఉన్నాయి. 2005లో వచ్చిన ‘అపరిచితుడు’ తర్వాత గరుడ పురాణమంటే శిక్షల పట్టిక అనే భావన బలపడింది. ఆ సినిమాలో వినిపించే కుంభీపాకం, అంధకూపం వంటి నరకాల పేర్లు భాగవతం ఐదో స్కంధంలోనూ ఉన్నాయి. భాగవతాన్ని మాత్రం మనం పూజామందిరంలోనే పెట్టుకుంటున్నాం.

అపోహ: పిండాన్ని కాకి ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిపోయింది, వారు దారిలో ఆగిపోయారు.

వాస్తవం: పదో రోజున ఏటి ఒడ్డున ఇసుకలో విస్తరి పరిచి పిండం పెట్టి అందరూ దూరం జరుగుతారు. కాకి రావడం ఆలస్యమైతే ఒకరి తర్వాత ఒకరు ముందుకు వచ్చి ‘చెల్లి పెళ్లి చేస్తాం నాన్నా’, ‘ఇల్లు పంచుకోము నాన్నా’ అని మాట ఇస్తారు. ఆ మాటలకు విలువ లేదని నేను అనను. చాలా ఇళ్లలో అన్నదమ్ములు కలిసేది అక్కడే. అయితే కాకికి ఆ స్థానం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. మరుత్తుడనే రాజు చేసే యజ్ఞానికి రావణుడు వచ్చినప్పుడు దేవతలు పక్షుల, జంతువుల రూపాల్లో దాక్కున్నారని, యముడు కాకి రూపం ధరించాడని రామాయణం ఉత్తరకాండలో ఉంది. ఆ కృతజ్ఞతతో, నువ్వు తిని తృప్తి పడితే నా లోకంలోని వారు తృప్తి పడతారని కాకికి వరమిచ్చాడు. కాబట్టి వచ్చిన కాకి పోయిన మనిషి కాదు, ఆ తృప్తిని అందించే వాహిక. పక్షులే కరవైన చోట దర్భతో కాకిని చేసి ముట్టించడం, ఆవుకు పెట్టడం, నీటిలో విడవడం ఆచారంలో ఉన్నవే. గంటల తరబడి ఎండలో నిలబడి, వృద్ధురాలైన భార్య ‘నా మీద కోపమేమో’ అని ఏడవవలసిన పని లేదు.

అపోహ: కుక్క ఏడిస్తే యమదూతలు వీధిలోకి వచ్చినట్టే.

వాస్తవం: కుక్కకూ పరలోక మార్గానికీ సంబంధం ఉన్నమాట నిజమే, కానీ అది అపశకునం కాదు. ఋగ్వేదంలో యముడికి, దేవతల కుక్క అయిన సరమ సంతతికి చెందిన రెండు కుక్కలున్నాయి, మచ్చలవి, నాలుగు కన్నులవి. వాటిని దాటి వేగంగా వెళ్లమని జీవుడికి చెప్పిన సూక్తమే, మరుసటి మంత్రంలో దారి కాచే ఆ రెండింటికే ఇతణ్ణి అప్పగించి క్షేమం కలిగించమని యముణ్ణి వేడుకుంటుంది. పార్శీలు కూడా మృతదేహం దగ్గరకు కుక్కను తెచ్చి చూపిస్తారు, వారి గ్రంథాల్లోనూ నాలుగు కన్నుల కుక్క ప్రస్తావన ఉంది. ప్రాచీన ఈజిప్టులో మృతులను తోడ్కొనిపోయే అనూబిస్‌ది నక్క తల. ధర్మరాజు వెంట హిమాలయాల దాకా నడిచిన కుక్క మారువేషంలో ఉన్న ధర్మదేవతే. వీధికుక్క ఏడుపుకు ఆకలో, గాయమో, మరో కుక్క పిలుపో కారణమై ఉంటుంది. దానిని రాళ్లతో కొట్టడం మాత్రం ఏ శాస్త్రంలోనూ లేదు.

అపోహ: అన్ని దేశాల్లోనూ యముడే, పేరు మాత్రం వేరు.

వాస్తవం: గ్రీకుల్లో మృతలోకపు రాజు హేడీస్, దారి చూపేవాడు హెర్మెస్, పడవ నడిపేవాడు కేరన్, ముగ్గురూ వేరు. ఉత్తర ఐరోపాలోని నార్స్ కథల్లో వల్కిరీలనే దేవకన్యలు యుద్ధంలో పడినవారినే ఎంచుకుంటారు, వారిలో సగం మంది ఓడిన్ అనే దేవుడి దగ్గరకు, సగం మంది ఫ్రేయా అనే దేవత దగ్గరకు వెళతారు. ఇంత దూరం ఎందుకు, మన సీతంపేట కొండల్లోని సవరల సంప్రదాయంలో దారి చూపేది దేవుడు కాదు, బతికున్న మనిషే. గిడుగు రామమూర్తి పంతులు గారు ఎవరి భాష కోసం జీవితం ధారపోశారో ఆ సవరల పూజారిణి పూనకంలో మృతుల లోకానికి దిగి వెళుతుంది, పోయినవారు ఆమె నోటితో ఇంటివారితో మాట్లాడతారు. దానిని తక్కువగా చూడడానికి మనకే అర్హతా లేదు.

అపోహ: చావు దగ్గరపడినవారు ‘ఎవరో వచ్చారు, పిలుస్తున్నారు’ అంటే వారు పాపం చేసినట్టు.

వాస్తవం: 1986లో సత్వంత్ పస్రిచా, ఇయాన్ స్టీవెన్‌సన్ అనే పరిశోధకులు మృత్యువు అంచు దాకా వెళ్లి వచ్చిన పదహారు మంది భారతీయుల అనుభవాలను ప్రచురించారు. వారిలో పలువురు, దూతలు తమను తీసుకుపోయారనీ, లెక్కలు చూసేవాడు ‘ఇతను కాదు, వేరొకడు’ అనడంతో వెనక్కి పంపారనీ చెప్పారు. అమెరికాలో అటువంటి అనుభవం పొందినవారు ఈ పొరపాటు మాట చెప్పలేదు. మనిషి పెరిగిన కథలను బట్టే ఆ చివరి దర్శనానికి రూపం ఏర్పడుతుందని దీని వల్ల అనిపిస్తుంది. కనిపించినవారిని బట్టి పాపపుణ్యాల తీర్పు చెప్పే అధికారం మనకెవరికీ లేదు. తీర్పు చెప్పే పని యముడిది, లెక్క రాసే పని చిత్రగుప్తుడిది.

అందుకే మంచం మీద ఉన్నవారు అలా అన్నప్పుడు వారిని గదమాయించకండి, చుట్టూ చేరి శోకాలు పెట్టకండి. జ్వరం వల్లా, మందుల వల్లా కూడా అలా జరగవచ్చు కనుక మొదట వైద్యుడికి తెలియజేయండి. ఆ తర్వాత ఎవరు కనిపించారో నెమ్మదిగా అడగండి. పోయిన అమ్మో, అన్నో కనిపించారని చాలామంది చెబుతారు, వారిని మాట్లాడనివ్వండి. వారికి అలవాటైన పేరేదో, రాముడో, అప్పన్నో, పైడితల్లి అమ్మవారో, ఆ పేరు చెవిలో వినిపించండి. గరుడ పురాణం కోసం మా బోటివారిని పిలవడానికి ఆ తర్వాత సమయం ఉంటుంది.