ఫ్రైడ్ రైస్: నింద మంటకి, తప్పు తడిది

ఇంట్లో ఫ్రైడ్ రైస్ ముద్దయిపోయిందని చెప్పేవాళ్లు కారణం కూడా వాళ్లే చెప్పేస్తారు: "మా స్టవ్‌కి అంత మంట లేదండీ." పన్నెండేళ్లు హోటల్ వంటగదిలో వోక్ (చైనీస్ కడాయి) ముందు నిలబడ్డాను, నాలుగేళ్లుగా ఇంట్లో వండుకునేవాళ్లకి నేర్పుతున్నాను. ఈ మాట వినగానే నేను మంట వైపు చూడను. కడాయిలో వేయబోయే అన్నం గుప్పెడు తీసుకుని, పిడికిలి బిగించి వదులుతాను. అది ఉండలా నిలబడిందంటే ఎంత మంట పెట్టినా లాభం లేదు. మెతుకులు విడిపోయి వేళ్ల సందుల్లోంచి రాలితే మామూలు స్టవ్ మీదే పని అయిపోతుంది.

క్లాసుల్లో పదేపదే వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. చాలావాటి వెనక ఈ తడి సంగతే ఉంటుంది.

అపోహ: నిన్నటి అన్నం అయితేనే కుదురుతుంది

ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇంతకాలం చెలామణీ అయింది. బియ్యంలోని పిండిపదార్థం ఉడికేటప్పుడు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. చల్లారేకొద్దీ ఆ అణువులు మళ్లీ దగ్గరకి చేరి బిగుసుకుంటాయి. ఫ్రిజ్ చల్లదనంలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం పొద్దున్నే గట్టిగా, పలుకుగా తగలడానికి కారణం ఇదే. ఇలా బిగిసిన మెతుకు గరిటె తగిలినా చితకదు.

అయితే బిగువు ఒక్కటే చాలదు, మెతుకు పైభాగం పొడిగా ఉండాలి. వేడి అన్నాన్ని డబ్బాలో నింపి మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే ఆవిరంతా మూతకి పట్టి, నీటిబొట్లయి మళ్లీ అన్నంలోకే దిగుతుంది. అది నిన్నటి అన్నమే, కానీ పిడికిలి పరీక్షలో ఓడిపోతుంది. దానికి బదులు అప్పుడే వండిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, ఫ్యాన్ కింద పదిహేను ఇరవై నిమిషాలు ఉంచండి. వేడి మెతుకు మీది తడి గాలికి ఇట్టే ఆరిపోతుంది. నన్నడిగితే ఇలా ఆరబెట్టిన తాజా అన్నంతో చేసిందే రుచి. ఫ్రిజ్ అన్నంలో బియ్యం వాసన సగం పోతుంది. బాస్మతి, జాస్మిన్ లాంటివి వాడేవాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఫ్రిజ్ అన్నమే ఉంటే, గడ్డలు కట్టిన దాన్ని అలాగే కడాయిలో వేసి అట్లకాడతో పొడవకండి. మెతుకులు విరుగుతాయి. చేతులు తడి చేసుకుని ముందే విడదీయండి, లేదా ఒక నిమిషం మైక్రోవేవ్‌లో పెట్టండి. కాస్త వేడి తగలగానే ఆ బిగువు సడలి గడ్డలు వాటంతటవే విడిపోతాయి.

అపోహ: రాత్రంతా బయటే ఉన్న అన్నమైనా బాగా వేయిస్తే దోషం పోతుంది

పోదు. పైదానికి తోకలా వచ్చే అపోహ ఇది, అన్నిటిలోకీ ప్రమాదకరమైనది.

బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బియ్యంలో సహజంగానే ఉంటుంది. దాని బీజాలు అన్నం ఉడికినా చావవు. ఉడికిన అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అవి మేల్కొని పెరుగుతాయి, సెరియులైడ్ అనే విషాన్ని తయారుచేస్తాయి. ఈ విషానికి వేడంటే లెక్కలేదు. 121 డిగ్రీల దగ్గర 90 నిమిషాలు ఉంచినా చెక్కుచెదరదు. అంటే మనం మూడు నిమిషాలు వేయిస్తే బ్యాక్టీరియా చావొచ్చేమో గానీ విషం అలాగే ఉంటుంది. తిన్న గంట నుంచి ఐదారు గంటల్లో వాంతులు మొదలవుతాయి. వాసనలో, రుచిలో ఏ తేడా తెలియదు కాబట్టి ముక్కుని నమ్ముకుని లాభం లేదు.

నేను పనిలో చేరిన కొత్తలో పెద్ద డేగిసా అన్నం రాత్రి మూతపెట్టి గట్టుమీదే వదిలేశాను. పొద్దున్నే మా పెద్ద వంటవాడు మూత తీసి లోపల చెయ్యి పెట్టి చూశాడు. మధ్యలో ఇంకా వెచ్చగానే ఉంది. ఒక్క మాట మాట్లాడకుండా మొత్తం చెత్తలో పోయించాడు. అంత అన్నం పారబోశాడేమిటని అప్పుడు మనసులో తిట్టుకున్నాను. గిన్నె ఎంత పెద్దదైతే మధ్యలో వేడి అంతసేపు నిలుస్తుందనీ, ఆ వెచ్చదనమే అసలు ప్రమాదమనీ తర్వాత తెలిసింది.

బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ చెప్పే పద్ధతి సులువుగానే ఉంటుంది: వండిన గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, 24 గంటల్లోపు వాడేయండి, ఒక్కసారే మళ్లీ వేడిచేయండి. చల్లార్చడానికీ పలచగా పరచడమే మార్గం. రుచికి చేసే పనే ఆరోగ్యానికీ పనికొస్తుంది.

అపోహ: ఎసట్లో నూనె చుక్క వేస్తే అన్నం పొడిపొడిగా వస్తుంది

నూనె నీళ్లమీద తేలుతుంది. పొంగు కాస్త తగ్గిస్తుంది, అంతకు మించి దాని మీద ఆశలు పెట్టుకోకండి. పొడిపొడితనం వచ్చేది బియ్యం కడగడంతో. పైన అంటుకుని ఉన్న పిండి పోయి, నీళ్లు దాదాపు తేటగా వచ్చేదాకా కడగండి. తర్వాత ఎక్కువ ఎసట్లో ఉడికించి, ఇంకా కొంచెం పలుకుండగానే వార్చేయండి. ఫ్రైడ్ రైస్‌కి నేను ఎప్పుడూ వార్చిన అన్నమే వాడతాను. నిమ్మరసం పిండితే అన్నం తెల్లగా కనిపిస్తుంది. మెతుకులు విడిపోవడానికీ దానికీ పెద్దగా సంబంధం లేదు.

అపోహ: హోటల్ మంట లేకపోతే ఆ రుచి రాదు

ఇక్కడ కాస్త లెక్క చూద్దాం. ఒక గ్రాము నీళ్లని గది వేడి నుంచి మరిగే దాకా తేవడానికి దాదాపు 315 జౌల్స్ శక్తి కావాలి. మరిగిన ఆ గ్రాముని ఆవిరి చేయడానికి 2257 జౌల్స్, అంటే ఏడు రెట్లు. తడి అన్నం, కడిగి నీళ్లు దులపని కూరగాయలు కలిపి 100 గ్రాముల నీళ్లు అదనంగా కడాయిలోకి వచ్చాయనుకోండి. ఇంటి గ్యాస్ స్టవ్ పెద్ద బర్నర్ రెండున్నర మూడు కిలోవాట్లు ఉంటుంది, అందులో కడాయికి చేరేది సుమారు సగం. దాదాపు మూడు నిమిషాల మంట ఆ నీళ్లని ఆవిరి చేయడానికే సరిపోతుంది. ఆ మూడు నిమిషాలూ అన్నం వేగదు, ఉడుకుతుంది. అప్పటికే ఉడికిన అన్నం మళ్లీ ఉడికితే ఏమవుతుందో మీకు తెలుసు.

హోటల్ బర్నర్ ఇంటి బర్నర్ కన్నా ఎన్నో రెట్లు బలమైనది కాబట్టి ఈ తప్పుని కప్పేస్తుంది. ఇంట్లో కప్పేవాళ్లు లేరు. అందుకే ఒక విడతలో ఇద్దరికి సరిపడా అన్నమే వేయండి. నలుగురున్నారంటే రెండు విడతలు చేయండి. మొత్తం ఒకేసారి వేస్తే తొందరగా అయిపోతుందనుకోవడం భ్రమ. రెండు విడతలకి పట్టే సమయం కంటే ముద్దని విడదీయడానికి పట్టేదే ఎక్కువ.

ఇక కడాయి ఎగరేయడం. క్లాసుకి వచ్చేవాళ్లలో చాలామందికి ముందు ఇదే నేర్చుకోవాలని సరదా. 2020లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులిద్దరు వంటవాళ్లని వీడియో తీసి, వాళ్లు సెకనుకి దాదాపు 2.7 సార్లు అన్నాన్ని ఎగరేస్తున్నారని లెక్కకట్టారు. నాకు భుజం నొప్పి ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది. అసలు ఎగరేసేది ఎందుకు? కింద భగభగమండే మంటకి అన్నం మాడకుండా. ఇంట్లో మన సమస్య దానికి తలకిందులు: వేడి ఎక్కువై కాదు, చాలక. కడాయిని మంటమీంచి లేపిన ప్రతిసారీ ఉన్న కాస్త వేడీ పోతుంది. కాబట్టి ఎగరేయకండి. అన్నాన్ని కడాయి అంతటా పరిచి, అరనిమిషం కదపకుండా వదలండి. చిటపట మొదలై వేగిన వాసన వస్తుంది. అప్పుడు అట్లకాడతో తిరగేసి, మళ్లీ పరిచి, మళ్లీ వదలండి.

దక్షిణ చైనాలోని కాంటన్ వాళ్లు 'వోక్ హే' అని పిలిచే ఆ పొగ వాసనలో కొంత భాగం మంట కడాయి అంచు దాటి లేచి, గాల్లోని నూనె తుంపర్లని అంటించడం వల్ల వస్తుంది. అది ఇంట్లో పూర్తిగా రాదు, వస్తుందని నేను మాటివ్వను. మెతుకు కొంచెం ఎర్రబడటం, సోయా సాస్‌ని అన్నం మీద కాకుండా కాలిన కడాయి అంచు మీద పోసి చుయ్యిమనిపించడం, ఈ రెండూ చేస్తే ముప్పాతిక దాకా వెళ్లవచ్చు.

గుండ్రటి అడుగున్న వోక్ కొనాలా అని అడుగుతుంటారు. వద్దు. ఇంటి స్టవ్ మీద దానికి అడుగున చిన్న చోటే కాలుతుంది. అడుగు చదునుగా ఉన్న వెడల్పాటి ఇనుప కడాయి మేలు. నాన్‌స్టిక్‌లోనూ చేయవచ్చు గానీ ఖాళీ పాన్‌ని పెద్ద మంట మీద కాల్చకూడదు. 260 డిగ్రీలు దాటితే ఆ పూత చెడిపోవడం మొదలవుతుంది.

అపోహ: లైట్ సోయా అంటే ఉప్పు తక్కువ

సీసా మీది ఆ ఒక్క మాట ఎంతమంది కూరని ఉప్పుకషాయం చేసిందో. ఇక్కడ లైట్ అంటే రంగు లేత, సాస్ పలచన, అంతే. ఉప్పు దాన్లోనే బాగా తగులుతుంది. డార్క్ సోయా రంగు కోసం, అరచెంచా చాలు. మామూలు సోయా సాస్ ఒక టేబుల్ స్పూన్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకి రోజుకి 2000 దాటొద్దంటుంది. రంగు రాలేదని సోయా పోస్తూ పోతే అటు ఉప్పూ పెరుగుతుంది, ఇటు తడీ పెరుగుతుంది. ఇద్దరి అన్నానికి రెండు చిన్న చెంచాలు పోసి, రుచి చూశాకే ఉప్పు వేయండి. గోధుమ పడనివాళ్లు ఇంట్లో ఉంటే సీసా వెనక చదవండి, చాలా సోయా సాసుల్లో గోధుమ ఉంటుంది.

అపోహ: అజినోమోటో విషం

1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయే ఇకేదా కొంబు అనే సముద్రపు నాచు నుంచి గ్లూటమేట్‌ని వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరుపెట్టాడు. అజినోమోటోలో ఉండేది ఆ గ్లూటమేటే. టమాటాల్లో, పాత చీజ్‌లో, తల్లిపాలలో కూడా ఉండేది అదే. 1968లో ఒక వైద్యుడు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌కి ఉత్తరం రాశాడు, చైనీస్ హోటల్లో తిన్నాక మెడ తిమ్మిరిగా, నీరసంగా ఉంటోందని. కారణాలుగా సోయా సాస్, వంటకి వాడే వైన్, ఉప్పు, ఇలా చాలా ఊహించాడు. అజినోమోటో వాటిలో ఒకటి. మిగతావన్నీ జనం మర్చిపోయారు, ఇది మాత్రం దోషిగా మిగిలింది.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని సాధారణంగా సురక్షితమైన పదార్థాల్లోనే లెక్కిస్తుంది. ఏమీ తినకుండా 3 గ్రాములు, అంతకు మించి తీసుకుంటే కొందరికి కాసేపు తలనొప్పి, తిమ్మిరి లాంటివి రావచ్చు. ఒక ప్లేటులో పడేది మామూలుగా అరగ్రాము కూడా ఉండదు. బరువుకి బరువు చూస్తే ఉప్పులో ఉండే సోడియంలో మూడో వంతే దీన్లో ఉంటుంది. అలాగని తప్పనిసరేం కాదు. ఇంట్లో నేను వేయను, పుట్టగొడుగులు బాగా వేయించి వేస్తే ఆ రుచి వాటితోనే వస్తుంది. మీకు పడటం లేదనిపిస్తే మానేయండి, వేసే పక్కవాళ్లని మాత్రం భయపెట్టకండి.

మరికొన్ని, గబగబా

అల్లం వెల్లుల్లి పేస్టు వేస్తే రుచి ఎక్కువ అంటారు. పేస్టులో నీళ్లుంటాయి, అడుగంటి మాడుతుంది. సన్నగా తరిగి వేయండి, అదీ మధ్యస్థ మంట మీద. మొదటి నుంచి చివరిదాకా పెద్ద మంటే ఉండాలన్న నియమం వెల్లుల్లికి తెలియదు.

గుడ్డు అన్నం మీద కొట్టి కలపాలనేది ఇంకోటి. మెతుకులకి గుడ్డు పూత కావాలనుకుంటే సరే. ముక్కలుగా, మెత్తగా కావాలంటే ముందే విడిగా వండి, ఇంకా కొంచెం జారుగా ఉన్నప్పుడే తీసి పక్కన పెట్టి, చివర్లో కలపండి. కూరగాయలూ అంతే, విడిగా వేయించి తీసేయండి.

వేయించిన నువ్వుల నుంచి తీసిన ముదురు రంగు నూనెలో వేయించేవాళ్లని చూశాను. అది త్వరగా పొగలు కక్కుతుంది, చేదెక్కుతుంది. స్టవ్ ఆపేశాక నాలుగు చుక్కలు చాలు.

"అసలైన ఫ్రైడ్ రైస్‌లో ఇది వేయరు" అనేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఒకరుంటారు. చైనాలో యాంగ్జౌ నగరం తన పేరున్న ఫ్రైడ్ రైస్‌కి 2015లో అధికారికంగా ఒక ప్రమాణమే ప్రకటించింది. అదే ఏడాది నాలుగు వేల కిలోలకు పైగా వండి గిన్నిస్ రికార్డుకి కూడా ప్రయత్నించారు. అందులో కొంత పందుల మేతకి పోయిందని తెలిసి రికార్డు రద్దయింది. మిగిలిన అన్నాన్ని వృథా చేయకుండా పుట్టిన వంటకానికి అలా జరగడం నాకెప్పుడూ నవ్వు తెప్పిస్తుంది.

చివరిగా, మిగిలిన ఫ్రైడ్ రైస్ రేపటికి దాచుకోవచ్చా అని అడుగుతారు. తాజా అన్నంతో చేసి, వెంటనే చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు ఒకసారి పొగలొచ్చేలా వేడిచేసి తినవచ్చు. నిన్నటి ఫ్రిజ్ అన్నంతో చేసిందైతే దాని రెండో వేడి ఇప్పటికే అయిపోయింది. మిగలకుండా కొలిచి వండుకోండి.