బొగ్గుబాయి నుంచి గాలిలోకి: ఎండల వాదన వెనుక చరిత్ర

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో బల్లార్షా, రాజురా వైపు స్థిరపడిన మన తెలుగు ఇళ్లలో వాతావరణ మార్పు మాట వస్తే పెద్దవాళ్లు ముందు ఈ సామెతే తీస్తారు. పక్కింటి మరాఠీవాళ్లు ఆ రోజులనే నవతపా అంటారు. తాతల నాడూ ఎండలు ఇలాగే మండేవి, కొత్తగా మనిషి చేసిందేముంది అని అడుగుతారు. ఆ మాటను కొట్టిపారేయకూడదు. సముద్రం ఎక్కడో దూరంగా ఉన్న ఈ నేల మీద మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఎప్పటి నుంచో ఉన్నదే. అయితే చంద్రపూర్‌లో ఎండ ఎక్కువా అన్నది ఒక ప్రశ్న, భూమి మొత్తం ఎందుకు వేడెక్కుతోంది అన్నది వేరే ప్రశ్న. రెండోదాన్ని వెతుక్కుంటూ వెళ్లినవాళ్ల కథలో బొగ్గు మొదటి నుంచీ ఉంది. బొగ్గు మీద బతికిన కుటుంబాలకు ఆ కథ తెలిసి ఉండాలని నా పట్టుదల.

1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ గాజు గొట్టాల్లో వాయువులు నింపి ఎండలో పెట్టారు. కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం మిగతావాటికన్నా ఎక్కువ వేడెక్కింది. 1859లో లండన్‌లో జాన్ టిండాల్ ఆ వాయువు వేడిని ఎలా పట్టి ఉంచుతుందో పరికరాలతో కొలిచాడు. మన పాత పాఠ్యపుస్తకాల్లో దీని పేరు బొగ్గుపులుసు వాయువు. మన జిల్లాలోని వరోరాలో ఇంగ్లీషువాళ్లు గని తెరిచింది 1870లలో. అంటే అక్కడి బొగ్గు పైకి రాకముందే దాన్ని కాలిస్తే వచ్చే వాయువు స్వభావం తెలిసిపోయింది. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ గాలిలో ఈ వాయువు రెట్టింపైతే భూమి ఐదారు డిగ్రీలు వేడెక్కుతుందని కాగితం మీద లెక్క కట్టాడు. ఇప్పటి అంచనా 3 డిగ్రీల దగ్గర ఉంది. చలిదేశపు మనిషి కాబట్టి అరీనియస్‌కు ఈ వేడెక్కడం మంచి వార్తగానే తోచింది.

1938లో గై క్యాలెండర్ అనే బ్రిటిష్ ఆవిరి యంత్రాల ఇంజనీరు ప్రపంచంలోని వాతావరణ కేంద్రాల రికార్డులు పోగేసి, భూమి అప్పటికే వేడెక్కుతోందని, కారణం మనం కాల్చే ఇంధనమేనని చెప్పాడు. పెద్ద శాస్త్రవేత్తలు నమ్మలేదు. మనం వదిలే వాయువును సముద్రం పీల్చేసుకుంటుంది కదా అన్నారు. ఆ రోజుల్లో అది న్యాయమైన అభ్యంతరమే. 1957లో రోజర్ రెవెల్, హాన్స్ స్యూస్ సముద్రం అంత వేగంగా పీల్చలేదని చూపించారు. మరుసటి ఏడాది చార్లెస్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల పాళ్లలో సుమారు 315 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న పాత గాలి బుడగలను పరీక్షిస్తే, అంతకు ముందటి 8 లక్షల ఏళ్లలో అది ఎప్పుడూ 300 దాటలేదు.

సరే, పెరిగింది. అది మన బొగ్గు నుంచే వచ్చిందని ఏమిటి రుజువు? నాకు ఈ కథలో అన్నిటికన్నా గట్టిగా అనిపించేది ఇక్కడే ఉంది. బతికున్న చెట్టులో కార్బన్-14 అనే కార్బన్ రకం కొద్దిగా ఉంటుంది. చెట్టు చచ్చాక అది ప్రతి 5,730 ఏళ్లకు సగమవుతూ పోతుంది. మన వార్ధా లోయ బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవి. దాంట్లో కార్బన్-14 మిగిలే ప్రశ్నే లేదు. అలాంటి బొగ్గును కోట్ల టన్నుల్లో కాలిస్తే గాలిలో ఆ రకం పలచబడాలి. చెట్ల కాండాల్లోని ఏటేటి వలయాలను పరీక్షించి, అది పలచబడిందని 1955లో స్యూస్ చూపించాడు. తర్వాతి అణుపరీక్షలు ఆ లెక్కను కొన్నాళ్లు చిక్కు చేశాయి కానీ, అంతకు ముందటి కొలతలు చెరిగిపోలేదు.

అగ్నిపర్వతాల వాయువులో కూడా కార్బన్-14 ఉండదు కదా అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిందే. అయితే మొక్కల నుంచి పుట్టిన ఇంధనంలో కార్బన్-13 అనే మరో రకం కూడా తక్కువ, అగ్నిపర్వతాల వాయువులో అలా కాదు. గాలిలో అదీ తగ్గుతోంది. దహనానికి ఖర్చయ్యే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతోంది. అగ్నిపర్వతాలు ఏటా వదిలేది మనం వదిలే దాంట్లో నూరో వంతు కూడా ఉండదు.

ఇక సూర్యుడే వేడి పెంచుతున్నాడన్న వాదన. సూర్యుడే మండిపోతుంటే గాలి పొరలన్నీ వేడెక్కాలి. 1967లో మనాబే, వెదరాల్డ్ చేసిన లెక్క ప్రకారం కార్బన్ డయాక్సైడ్ పెరిగితే కింది పొర వేడెక్కి, పై పొర చల్లబడాలి. తర్వాత ఉపగ్రహాలు, బెలూన్లు కొలిచి చెప్పింది అదే. మనాబేకు 2021లో నోబెల్ వచ్చింది.

ఇంత ఉన్నా శాస్త్రవేత్తలు తొందరపడలేదు. వాతావరణ మార్పు మీద 1988లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 1990 నివేదికలో మనిషి పాత్ర గురించి తేల్చి చెప్పలేదు. 1995లో ఆధారాలు అటు మొగ్గుతున్నాయంది. 2007లో 90 శాతం, 2013లో 95 శాతం నమ్మకం. 2021లో సందేహం లేదని రాసింది. ఈలోగా సందేహాన్ని పెంచి పోషించినవాళ్లూ ఉన్నారు. చమురు కంపెనీ ఎక్సాన్ సొంత శాస్త్రవేత్తలు 1970ల చివరి నుంచే వేడి పెరుగుతుందని లోపల చెబుతున్నా, బయట ఆ కంపెనీ మాట వేరుగా ఉండేది.

మన జిల్లాకు వద్దాం. ఇక్కడి ఎండనంతా కార్బన్ ఖాతాలో వేసేవాళ్లతోనూ నేను ఏకీభవించను. ఓపెన్‌కాస్ట్ మట్టి గుట్టలు, సిమెంటు, నరికేసిన చెట్లు, 2,920 మెగావాట్ల థర్మల్ స్టేషన్, వీటి ప్రభావం కూడా ఊళ్ల మీద ఉంది. మనకు తెలియని ఇంకో మెలిక కూడా ఉంది. 1901 నుంచి 2018 వరకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక చెప్పింది. ప్రపంచ సగటు కన్నా ఇది తక్కువ. పొగ, దుమ్ము కొంత ఎండను అడ్డుకోవడం అందుకు ఒక కారణం. మన ఛాతీల్లోకి వెళ్లే ఆ పొగే అసలు వేడిని కొంత దాచిపెడుతోంది.

బొగ్గుబాయి (గని) పని చేసినవాళ్లు ఈ ఆధారాలను ఎందుకు ఒప్పుకోరో నాకు తెలుసు. ఒప్పుకుంటే బాయి మూసేస్తారని టెన్షన్. పైగా ఇప్పటిదాకా పోగైన కార్బన్‌లో దాదాపు నాలుగో వంతు అమెరికాది, మనది చాలా చిన్న వాటా. నిందంతా బొగ్గు తవ్వినవాడి మీద పడితే ఎవరికైనా మండుతుంది. ఎవరు ఎంత భారం మోయాలన్నది గట్టిగా అడగాల్సిన విషయం. దానికోసం కీలింగ్ కొలతలను అబద్ధమనక్కర్లేదు. 2021లో గ్లాస్గోలో మన దేశం నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామన్న గడువు 2070. 2021లో ఇరవై ఏళ్లకు బాయిలో చేరిన కుర్రాడు 2061లో రిటైరవుతాడు. బాయి పని ఉంటుందా లేదా అన్న ప్రశ్న అతని పిల్లలది. వాళ్లు ఇప్పుడు ఏ చదువు చదవాలి, ఏ పని నేర్చుకోవాలి అన్న మాట మాత్రం బల్లార్షాలో ఇంకా ఎవరూ ఎత్తడం లేదు.