వెంట్రుకకు వేలాడే ఎర

మా మేనల్లుడు ఇంగ్లండులో ఉంటాడు. శనివారం వస్తే చెరువు గట్టునే కాపురం. మొన్న ఒక ఫొటో పంపాడు. గాలం కొక్కెం బోసిగా ఉంది, చేపల మేత గుళిక మాత్రం దాని కింద చిన్న దారానికి వేలాడుతోంది. ‘‘మామయ్యా, కొక్కేనికి ఎర గుచ్చకుండానే చేప ఎలా పడుతోంది?’’ అని అడిగాడు.

వాడు పట్టేది కార్ప్, మన చెరువుల్లో పెంచే బంగారు తీగే. అక్కడ పట్టి, ఫొటో దిగి, మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారు. (మా ఊళ్లో ఈ మాట చెబితే ‘‘మరి పులుసు?’’ అంటారు.) దీంతో ఒక చిక్కుంది. ఒకసారి కొక్కెం గుచ్చుకున్న కార్ప్ అంత తేలిగ్గా మళ్లీ చిక్కదు.

వాడి ప్రశ్నకు జవాబు చేప నోట్లో ఉంది. అన్నంలో రాయి తగిలితే ఏం చేస్తాం? మెతుకుల్ని బుగ్గన పెట్టి, నాలుకతో రాయిని వెతికి పెదాల దాకా తోసి ఉమ్మేస్తాం. కార్ప్‌కి ప్రతి ముద్దా రాళ్ల అన్నమే. బురదతో సహా పీల్చుకుంటుంది. దవడలకు పళ్లు లేవు, అవి గొంతులో ఉన్నాయి. మనలా అటూ ఇటూ కదిపే నాలుకా లేదు. బదులుగా నోటి పైకప్పుకి కండతో చేసిన దిండులాంటిది ఉంది, పేరు పాలటల్ ఆర్గన్. దాని నిండా రుచి మొగ్గలే. తిండి తగిలిన చోట మాత్రమే అది ఉబ్బి, మెతుకును కిందికి అదిమి పట్టుకుంటుంది. మిగతా బురద నీళ్లతో పాటు మొప్పల సందుల్లోంచి పోతుంది. అలా పోనంత పెద్దదైతే వచ్చిన దారినే బయటికి ఊదేస్తుంది. ఈ ఏరివేత కోసమే కార్ప్ మెదడులో రుచిని చూసుకునే వేగల్ లోబ్ అనే భాగం పొరలు పొరలుగా పెరిగింది, నోటి పైకప్పు మ్యాపంతా అందులో ఉంటుంది. బళ్లో మాత్రం ‘మొప్పలు శ్వాసకు’ అని రాయించి పేజీ తిప్పేస్తారు!

గుళికలోనే కొక్కెం గుచ్చితే అది రాయిలా బరువెక్కుతుంది, దారం బిగువుకి మిగతా గుళికల్లా కదలదు. చేప పీల్చి, అనుమానం వచ్చి ఊదేస్తుంది. కొక్కెం మొన గుళికలో దాక్కునే ఉంటుంది కాబట్టి ఎక్కడా గుచ్చుకోదు. 1970ల చివర, 1980ల మొదట్లో లెన్ని మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అనే ఇంగ్లిష్ జాలర్లు దీనికి విరుగుడు కనిపెట్టారు. తొట్టెలో కార్ప్ తినే తీరు చూసి, నిజంగానే తలవెంట్రుకతో ఎరను కొక్కేనికి వేలాడగట్టారు. హెయిర్ రిగ్ అన్న పేరు అలా వచ్చింది. గుళిక స్వేచ్ఛగా లోపలికి పోతుంది, వెనకే కొక్కెం. ఊదినప్పుడు గుళిక ముందు బయటపడి వెంట్రుకను లాగుతుంది. బోసి మొన కింది పెదవికి తగులుకుంటుంది. చేప ఉలిక్కిపడి పరిగెడితే దారానికున్న సీసం బరువుకి అది ఇంకా లోతుగా దిగుతుంది. రాయిని ఉమ్మే పనే చేప కొంప ముంచింది. ఎర మీద ఉమ్మేస్తే చేప పడుతుందని నమ్మేవాళ్లున్నారు. ఇక్కడ ఉమ్మాల్సింది చేపే!

ఇక గుళిక కట్టడం. కైకలూరు వైపు చెరువుల్లో తేలే మేత గాలి బుడగలతో పొంగి ఉంటుంది. గాలానికి వాడేది గట్టిగా అదిమిన, మునిగే రకం. అలాంటిదొకటి తెచ్చి దబ్బనంతో పొడిచాను. ఠక్కున రెండు ముక్కలైంది. సన్న డ్రిల్లుతో నెమ్మదిగా తొలిస్తే నిలిచింది గానీ, ఆ కన్నంలోంచి నీళ్లు దిగి లోపలి నుంచి నానిపోయింది. అందుకే మేనల్లుడు వెంట్రుక చివర బుల్లి రబ్బరు బ్యాండు కడతాడు. పట్టుకారులాంటి పనిముట్టుతో దాన్ని సాగదీసి గుళికకు తొడుగుతాడు. కొక్కెం వంపుకీ గుళికకీ మధ్య కొద్దిపాటి ఖాళీ మాత్రం వదలాలి, లేకపోతే మొన తిరగదు.

నేనూ ఒక గుళికకు బ్యాండు వేసి గ్లాసు నీళ్లలో వదిలాను. రెండు గంటలకు పైపొర జావై అడుక్కి చేరింది. గుళిక అరిగినకొద్దీ బ్యాండు కూడా ముడుచుకుంటూ వచ్చి, శనగగింజంత ముక్కను ఇంకా పట్టుకునే ఉంది.